ఏలినాటి శని పోయేదాకా ఓర్చుకోమంటున్నారు. గోచారాన్ని ఇలా చదవొచ్చా?

ప్రశ్న: ఉత్తరాభాద్ర

అందరికీ నమస్కారం. గోచారం (గ్రహాలు ఇప్పుడు ఏ రాశుల్లో నడుస్తున్నాయో చూసి చెప్పే ఫలం) బాగా చూడగలిగినవాళ్ళు, గృహహింస చట్టం తెలిసినవాళ్ళు ఇద్దరూ జవాబివ్వాలని అడుగుతున్నాను. విషయం ఒక అమ్మాయిది, ఆమెకు 27 ఏళ్ళు. పేరు, పుట్టిన తేదీ, ఊరు పెట్టడం లేదు. చక్రం మాత్రం ఇది:

కన్యాలగ్నం, లగ్నంలో కుజుడు. మూడింట వృశ్చికంలో రవి, బుధుడు, శుక్రుడు. ఆరింట కుంభంలో గురువు, కేతువు. ఏడింట మీనంలో చంద్రుడు, ఉత్తరాభాద్ర మూడో పాదం. ఎనిమిదింట మేషంలో వక్రించిన శని. పన్నెండింట సింహంలో రాహువు. ఇప్పుడు కేతు మహాదశలో రాహు అంతర్దశ (పెద్ద దశ లోపలి చిన్న దశ), ఈ 2026 చివరిదాకా ఉంది.

పెళ్ళయి మూడేళ్ళు. భర్త కొడతాడు. జీతం పడే ఏటీఎం కార్డు అతని దగ్గరే ఉంటుంది. పోయిన వారం గొంతు పట్టుకుని గోడకి అదిమాడు. పెద్దవాళ్ళు జాతకం చూపిస్తే జ్యోతిష్కుడు చెప్పింది ఇది: "జన్మ శని (చంద్రుడున్న రాశిలో శని) నడుస్తోంది, అదీ ఏడో ఇంట్లో. 2027 జూన్‌లో శని మేషానికి మారాక అల్లుడు దారికొస్తాడు. ఈలోపు కేసులు పెట్టినా, పుట్టింటికి వచ్చినా కాపురం విరిగిపోతుంది. శాంతి చేయించాలి, 48 వేలు." ఇంట్లో అందరూ ఈ మాటే పట్టుకుని కూర్చున్నారు.

అడగదలచుకున్నవి మూడు. శాస్త్రం ప్రకారం ఈ లెక్క నిలుస్తుందా? గోచారం మనిషి చేత హింస చేయిస్తుందా? ఆగమన్నది 14, 15 నెలలు కాబట్టి, అంతకాలం ఆగితే చట్టపరంగా ఏమైనా నష్టపోతుందా?

జవాబు: దృగ్గణితం

జ్యోతిషం మీద నమ్మకంతోనే రాస్తున్నాను. ఆ చెప్పినాయన శాస్త్రాన్ని సగంలో ఆపేశారు, అదీ అమ్మాయికి కీడు జరిగే చోట.

ముందు తేదీలు చూద్దాం. దృక్ పంచాంగం ప్రకారం శని 2025 మార్చి 29న మీనంలోకి వచ్చాడు. మీనరాశికి ఏలినాటి శని (చంద్రరాశికి ముందు రాశి, ఆ రాశి, తర్వాత రాశి, ఈ మూడింట్లో శని నడిచే కాలం) మొదలైంది అప్పుడు కాదు. 2022 ఏప్రిల్ చివర శని కుంభంలో అడుగుపెట్టి, వెనక్కి తగ్గి, 2023 జనవరి 17న అక్కడ స్థిరపడ్డప్పుడు మొదలైంది. 2027 జూన్ 3న మేషంలోకి వెళ్తాడు, అక్టోబరులో వక్రించి మళ్ళీ మీనానికి వస్తాడు, 2028 ఫిబ్రవరిలో మేషానికి తిరిగి వెళ్తాడు. మేషం మీనానికి రెండో రాశి, అంటే ఏలినాటిలో మూడో ఘట్టం. అది పూర్తయ్యేది 2030 ఏప్రిల్లో. "2027 జూన్ దాకా ఓర్చుకో" అన్నవాళ్ళు ఆ జూన్ వచ్చాక "ఇంకో మూడేళ్ళు" అనక తప్పదు.

ఇంకో సంగతి చూడండి. చంద్రుడి నుంచి లెక్కపెట్టిన మనిషి లగ్నం నుంచి లెక్కపెట్టలేదు. కన్యాలగ్నానికి మేషం ఎనిమిదో ఇల్లు. స్త్రీ జాతకంలో మాంగల్య స్థానం అని చూసేది దాన్నే. శనికి మేషం నీచ, అంటే బలం తగ్గే రాశి. పుట్టినప్పటి శని కూడా అక్కడే ఉన్నాడు. అంటే దేనికోసం ఆగమంటున్నారో ఆ గోచారం, లగ్నాన్ని బట్టి చూస్తే, ఇప్పటికంటే బరువైనది. మేషాధిపతి కుజుడు లగ్న కేంద్రంలో ఉన్నాడు కాబట్టి నీచభంగం (నీచ దోషం రద్దవడం) ఉందని వాదించవచ్చు. ఉందనుకున్నా, "మేషంలోకి పోగానే మంచి రోజులు" అనడానికి ఆధారం కనిపించదు.

అష్టకవర్గు (ఏ రాశిలో గ్రహం ఎంత మేలు చేస్తుందో బిందువులతో లెక్కించే పద్ధతి) వేసి చూశాను. శని భిన్నాష్టకవర్గులో మొత్తం బిందువులు 39, ఎవరి జాతకంలోనైనా ఇంతే. ఈ చక్రంలో అవి పడిన తీరు: కుంభం 4, మీనం 0, మేషం 2, వృషభం 2, మిథునం 6. మీనంలో సున్నా. ఎనిమిది వర్గాల్లో ఒక్కటీ బిందువు ఇవ్వలేదు. కాబట్టి 3 డిగ్రీల 45 నిమిషాల చొప్పున కక్ష్యలు (రాశిలో ఎనిమిదో వంతులు) విడదీసి "ఈ మూడు నెలలు పర్వాలేదు" అనడానికి కూడా చోటు లేదు. నాలుగు బిందువులు దాటిన రాశిలోకి శని వెళ్ళేది 2032లో, మిథునంలోకి. ఆగడమే పరిహారమైతే ఆ పిల్ల ఆరేళ్ళు దెబ్బలు తినాలి. ఏ శాస్త్రం ఇలా చెప్పదు.

ఇదే శనికి మూర్తి నిర్ణయం (గ్రహం రాశి మారిన వేళ చంద్రుడున్న చోటును బట్టి ఫలం చెప్పే పద్ధతి) వేస్తే ఫలితం తలకిందులవుతుంది. శని మీనంలో ప్రవేశించిన రాత్రి చంద్రుడు కూడా మీనంలోనే ఉన్నాడు, ఆ రోజు అమావాస్య, సూర్యగ్రహణం. జన్మరాశి నుంచి ఒకటో చోట చంద్రుడుంటే సువర్ణమూర్తి. కాబట్టి మీనరాశికి ఈ శని బంగారు శని! ఒక పద్ధతిలో సున్నా బిందువులు, ఇంకో పద్ధతిలో సువర్ణమూర్తి. రెండూ పాత పద్ధతులే. గోచారంతో ఒక మనిషి ప్రాణం గురించి నిర్ణయం చేయకూడదనేది ఇందుకే.

వరస ఏమిటంటే, జాతకం, దాని తర్వాత దశ, ఆ తర్వాతే గోచారం. ఈ జాతకంలో సప్తమాధిపతి గురువు ఆరింట కేతువుతో ఉన్నాడు. దశ నడిపిస్తున్నది ఆ కేతువే. రాహువు తర్వాత వచ్చేది గురు అంతర్దశ, 11 నెలల 6 రోజులు. ఆరో ఇల్లంటే శత్రువులు, రోగం, ఋణం మాత్రమే కాదు, వ్యవహారం కూడా. వివాహం వ్యాజ్యంలోకి వెళ్ళడం, దాంట్లోనే దారి దొరకడం అనే చదువు ఇక్కడ గట్టిగా ఉంది. పైగా 2026 జూన్ 2న గురువు కర్కాటకంలో ఉచ్చలోకి, అంటే బలం పెరిగే రాశిలోకి, వస్తున్నాడు. కన్యకు పదకొండు, మీనానికి ఐదు. అక్కడి నుంచి తొమ్మిదో చూపుతో మీనాన్ని, అంటే అమ్మాయి చంద్రుణ్ణి, సప్తమాన్ని చూస్తాడు. గోచారం చెప్పేవాళ్ళు శనిని చూపించి గురువును దాచిపెట్టకూడదు. పెద్దవాళ్ళు జ్యోతిషం మాటే వింటారంటే ఈ పేరా చదివి వినిపించండి.

మీ రెండో ప్రశ్న. కొట్టేది భర్త. చూసింది భార్య జాతకం. అతని చక్రం ఎవరైనా వేశారా? భార్య చంద్రుడి మీద శని వస్తే భర్త చెయ్యి లేస్తుందని చెప్పే సూత్రం లేదు. ఒత్తిడి, వైరాగ్యం, బాధ్యత, ఒంటరితనం శని కారకత్వాలు. హింస చేసినవాడి కర్మ వాడిది. గ్రహం మీదికి నెట్టితే కర్మ సిద్ధాంతమే కూలిపోతుంది.

జవాబు: లెక్కల పంతులు

దృగ్గణితం గారు లోపలి నుంచి చెప్పారు. నేను బయటి నుంచి, లెక్కల ప్రకారం చెబుతాను.

చంద్రరాశులు పన్నెండు. ఏ రోజు చూసినా మూడు రాశులకు ఏలినాటి శని ఉంటుంది, ఇప్పుడైతే కుంభం, మీనం, మేషం. అంటే ఎప్పుడూ జనంలో పావువంతు. అష్టమ శని (చంద్రరాశికి ఎనిమిదింట శని, ఇప్పుడు సింహానికి), అర్ధాష్టమ శని (నాలుగింట శని, ధనుస్సుకు) కలిపితే పన్నెండులో ఐదు, నూటికి 42 మంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల జనాభా సుమారు 8.46 కోట్లు. దాంట్లో పావువంతంటే రెండు కోట్లమందికి పైగా. రెండు కోట్లమంది భర్తలో భార్యలో కొడుతున్నారా? ఇంత పెద్ద వలలో ఏ కాపురం పడినా "చూశారా శని" అనిపిస్తుంది. పడనివి ఎవరూ లెక్కలో వేయరు.

కుజదోషం కూడా అంతే. మన వైపు 2, 4, 7, 8, 12 స్థానాలు చూస్తారు. లగ్నం నుంచి మాత్రమే చూస్తే పన్నెండులో ఐదు. లగ్నం, చంద్రుడు, శుక్రుడు మూడింటి నుంచీ చూసి ఏ ఒక్కదానిలో ఉన్నా దోషమంటే, స్థూలంగా నూటికి 80 మంది దోషజాతకులే. పై చక్రమే తీసుకోండి. లగ్నం నుంచి కుజుడు ఒకటిలో ఉన్నాడు, మన జాబితాలో లేదు, ఉత్తరాది జాబితాలో ఉంది. చంద్రుడి నుంచి ఏడు, దోషం. శుక్రుడి నుంచి పదకొండు, దోషం లేదు. ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ళ జవాబు.

పంచాంగాల సంగతి కూడా చెప్పాలి. 2025 మార్చి 29న శని మారాడని దృక్ గణితం చెప్పింది. తిరునళ్ళారు శనీశ్వరాలయం మాత్రం వాక్య పంచాంగం (పాత సూత్రాల లెక్కతో వేసేది) అనుసరిస్తుంది కాబట్టి ఆ రోజు తమ దగ్గర శని మార్పు లేదని, 2026లోనే అని ప్రకటించింది. శని పేరుమీద దేశంలో అంత పేరున్న క్షేత్రానికీ, మన సెల్‌ఫోన్‌లో జాతకం యాప్‌కీ మధ్య ఏడాది దాకా తేడా. అయనాంశ (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే కొలత) మారినా ఇంతే. లాహిరికీ రామన్‌కీ సుమారు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది, ఆ తేడాతో శని రాశి మారే రోజు వారాల లెక్కన జరుగుతుంది. "జూన్ దాకా" అని గడువు పెట్టేవాళ్ళను ఏ పంచాంగం, ఏ అయనాంశ అని అడగండి.

పరీక్షలు కూడా జరిగాయి. జయంత్ నార్లికర్, నరేంద్ర దాభోల్కర్ తదితరులు పుణెలో చేసిన పరీక్ష ఫలితాలు 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చాయి. బాగా చదివే పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్కుడికి 40 చొప్పున ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబు పంపిన 27 మంది సగటున నూటికి 46 సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేస్తే వచ్చేది 50. పౌర్ణమికీ, మతిచలనం, నేరాల్లాంటి వాటికీ సంబంధం ఉందనే మాట మీద 37 అధ్యయనాలు కలిపి 1985లో చూశారు. చెప్పుకోదగిన సంబంధం తేలలేదు.

వీటితో ఎవరి నమ్మకాన్నీ మార్చాలని నా ఉద్దేశం కాదు. ఒక గొంతు మీద చెయ్యి పడిన తర్వాత, ఇంత సడలిన కొలతతో గడువు పెట్టకూడదని మాత్రమే.

జవాబు: రక్షణ ఉత్తర్వు

పైన ఇద్దరూ గ్రహాల గురించి చెప్పారు. నాకు ప్రశ్నలో కనబడింది ఒక్క వాక్యం: "గొంతు పట్టుకుని గోడకి అదిమాడు." అక్కడి నుంచి మొదలుపెడతాను.

గొంతు నులమడం చెంపదెబ్బ లాంటిది కాదు. అమెరికాలో 2008లో వచ్చిన అధ్యయనంలో, అంతకుముందు భర్త లేదా ప్రియుడు గొంతు నులిమిన స్త్రీలు ఆ తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లు ఎక్కువగా తేలింది. పైకి మచ్చ కనిపించకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్ళలో లేదా కనురెప్పల లోపల సూదిమొనంత ఎర్రటి చుక్కలు, తలనొప్పి, ఆ సమయంలో కళ్ళు బైర్లు కమ్మడం, తెలియకుండా మూత్రం పోవడం, ఇవి గుర్తులు. మెడలోని రక్తనాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం లక్షణాలు గంటల తర్వాత, కొన్నిసార్లు రోజుల తర్వాత బయటపడతాయి. వారమైనా సరే, ఇప్పుడైనా ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి. వైద్యుడితో "మెడ నొప్పి" అంటే బామ్ రాసి పంపిస్తారు. "రెండు చేతులతో గొంతు నులిమారు, ఇంతసేపు, ఊపిరాడలేదు, స్పృహ తప్పింది లేదా తప్పలేదు" అని ఆ మాటల్లోనే చెప్పాలి. అవసరమైతే మెడ రక్తనాళాలకు సీటీ యాంజియో చేస్తారు.

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో చూపించుకుంటే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో రాస్తారు, ఆ తర్వాత ఊండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం) దాని నుంచే వస్తుంది. "జారిపడ్డాను" అని రాయిస్తే మళ్ళీ దాన్ని మార్చడం చాలా కష్టం. కోర్టులో ఎదుటి వకీలు మొదట చూపించేది ఆ చీటీనే.

ఇక చట్టం. రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి పట్టుకోవచ్చు.

ఒకటి, గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005. ఇది సివిల్ రక్షణ. కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, జీతం కార్డు లాక్కోవడం కూడా దీని కింద హింసే, దానికి ఆర్థిక హింస అని పేరు. రక్షణ అధికారి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) దగ్గర ఫారం 1లో గృహ సంఘటన నివేదిక రాయిస్తారు. సెక్షన్ 12 కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు ఫారం 2లో. వెంటనే తాత్కాలిక ఉత్తర్వు కావాలంటే దానికి ఫారం 3 అఫిడవిట్ జతచేయాలి. చాలామంది ఇది మరిచిపోతారు, దాంతో తాత్కాలిక ఉత్తర్వు ఆలస్యమవుతుంది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు, మొత్తం 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువ పడుతుంది. సెక్షన్ 23 కింద తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకోవడం అందుకే ముఖ్యం. ఇక్కడ అడగాల్సినవి విడివిడిగా రాయాలి: సెక్షన్ 18 కింద దగ్గరికి రాకుండా, ఫోన్ చేయకుండా, ఆఫీసుకు రాకుండా, సెక్షన్ 19 కింద నివాసం, సెక్షన్ 20 కింద ఖర్చులు, వైద్యం. "తగిన న్యాయం చేయవలెను" అని రాస్తే తగినంత రాదు. అమ్మాయి పుట్టింట్లో తాత్కాలికంగా ఉన్నా, ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు, సెక్షన్ 27. పుట్టింటికి వస్తే హక్కు పోతుందన్నది తప్పు. మామగారి పేరున ఉన్న ఇల్లయినా అక్కడ కాపురం చేసి ఉంటే నివాసహక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీష్ చందర్ ఆహుజా కేసులో చెప్పింది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

రెండోది క్రిమినల్ కేసు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85. శిక్ష మూడేళ్ళ దాకా. గొంతు నులిమిన సంగతి ఫిర్యాదులో తేదీ, సమయం, గది, ఎన్ని చేతులు, ఎంతసేపు, ఆ సమయంలో అన్న మాటలతో ఉంటే, దాన్ని బట్టి హత్యాయత్నం సెక్షన్ 109 పెట్టే అవకాశం ఉంటుంది. సంఘటన ఏ ఊళ్ళో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కేసు పెట్టగానే అతన్ని తీసుకెళ్ళిపోతారని అనుకుని అదే ఇంట్లో ఉండిపోతారు. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు, ముందు నోటీసు ఇచ్చి విచారించే పద్ధతే ఎక్కువ. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత ఇది గట్టిపడింది. అంటే ఫిర్యాదు చేసిన సాయంత్రం అతను ఇంటికే వస్తాడు, కోపంగా వస్తాడు. ముందు అమ్మాయి చోటు మారాలి, తర్వాత ఫిర్యాదు. విడిపోయే రోజులే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. వెళ్తున్నానని అతనికి ముందే చెప్పకూడదు.

మీ మూడో ప్రశ్న, ఆగితే నష్టమా. గృహహింస చట్టం కింద సెక్షన్ 12 దరఖాస్తుకు కాలపరిమితి లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. క్రిమినల్ కేసుకు మాత్రం ఉంది. మూడేళ్ళ దాకా శిక్ష ఉన్న నేరానికి మూడేళ్ళలోపు. క్రూరత్వం కొనసాగే నేరమని, చివరి సంఘటన నుంచి లెక్కించాలని కోర్టులు అంటాయి కానీ, దృగ్గణితం గారు చెప్పిన 2030 దాకా ఆగితే ఇప్పటి సంఘటన ఆ గీత దాటిపోతుంది. దానికంటే ముందే ఇంకో నష్టం ఉంది. గొంతు మీది ఎర్రదనం పది రోజుల్లో పోతుంది. పక్కింటివాళ్ళు ఇల్లు మారతారు. ఫోన్ పాడవుతుంది.

సాక్ష్యం గురించి ఒక్క ముక్క. వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ చాలదు, అవి ఉన్న ఫోనే దాచాలి. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. గాయం ఫోటో తీసేటప్పుడు ఒకటి మొహం కనబడేలా, ఒకటి దగ్గరగా, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి. మూడో రోజు మళ్ళీ తీయాలి, కమిలిన రంగు అప్పటికి బాగా తేలుతుంది.

ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు, లేదా 15100. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదికి వస్తే 112. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, వకీలు, తాత్కాలిక ఆశ్రయం ఒకే చోట ఉంటాయి.

ఉత్తరాభాద్ర

చాలా కృతజ్ఞతలు. రెండు సంగతులు ఇంకా అడగాలి. అతను రోజూ ఆమె ఫోన్ చూస్తాడు. రెండోది, వాళ్ళ అమ్మగారు మీ జవాబులు విన్నాక కొంత మెత్తబడ్డారు కానీ "తీసుకురావడానికి మంచి రోజు చూడండి, శూన్యమాసంలో (శుభకార్యాలు చేయని నెలలో) వద్దు" అంటున్నారు.

జవాబు: దృగ్గణితం

ముహూర్తం శుభకార్యాలకు. గృహప్రవేశానికి, పెళ్ళికి, అక్షరాభ్యాసానికి. ఇల్లు అంటుకున్నప్పుడు వర్జ్యం చూసి నీళ్ళు పోయరు కదా. "ఆతురే నియమో నాస్తి" అని పెద్దల మాటే ఉంది, ఆపదలో ఉన్నవాళ్ళకు నియమం లేదని. అమ్మగారికి ఇదే చెప్పండి. మనసు ఊరుకోకపోతే బయలుదేరేముందు ఇష్టదైవానికి దండం పెట్టుకోమనండి, చాలు. శని క్షేత్రమైన మందపల్లిలో మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించాలనుకుంటే అమ్మాయి పుట్టింటికి చేరి, చికిత్స అయ్యాక, ఏదో ఒక శనివారం చేయించుకోవచ్చు. దానికి 48 వేలు అక్కర్లేదు. శని త్రయోదశి రోజు జనం విపరీతంగా ఉంటారు, ఆ రోజు వద్దు.

ఒక హెచ్చరిక. పుట్టిన సమయం ఎంత కచ్చితం? లగ్నం డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున జరుగుతుంది, నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) 13 నిమిషాల్లో మారిపోతుంది. ఆసుపత్రి రికార్డులో లేకుండా ఇంట్లో గుర్తుమీద చెప్పిన సమయమైతే, నేను పైన ఎనిమిదో ఇంటి గురించి చెప్పింది కూడా కదలొచ్చు. బయటికి రావాలన్న నిర్ణయం నా చదువు మీద కూడా ఆధారపడనక్కర్లేదు.

జవాబు: తాళంచెవి

ఫోన్ సంగతి నేను చెబుతాను. ఆ ఫోన్‌లో ఏమీ మార్చకండి. పాస్‌వర్డులు ఒక్కసారిగా మారిస్తే అతనికి అనుమానం వస్తుంది, అది ప్రమాదం. మొదట చూడాల్సింది వాట్సాప్ సెట్టింగుల్లో "లింక్ అయిన పరికరాలు". అక్కడ తెలియని కంప్యూటర్ కనబడితే ఆమె చాట్ అంతా అతను చదువుతూ ఉండొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరితో ఆన్‌లో ఉందో చూడాలి. తీసేయొద్దు, ఉందని తెలుసుకుంటే చాలు. ఈ చర్చ, 181కి ఫోన్, వకీలుతో మాటలు అన్నీ వేరే ఫోన్ నుంచే, అమ్మది గానీ ఆఫీసులో తోటివాళ్ళది గానీ. బయటికి వచ్చిన రోజు వేరే ఫోన్‌లో కొత్త సిమ్ వేసుకోవాలి. పాత ఫోన్ స్విచ్చాఫ్ చేసి పారేయకుండా దాచాలి, సాక్ష్యం అందులోనే ఉంది.

జీతం విషయం. వేరే బ్యాంకులో తన పేరున మాత్రమే ఖాతా తెరిచి, దానికి పుట్టింటివాళ్ళ నంబరు లేదా కొత్త నంబరు ఇచ్చి, బయటికి వచ్చాక ఆఫీసు హెచ్‌ఆర్‌లో జీతం ఖాతా మార్చమని లేఖ ఇవ్వాలి. ముందే ఇస్తే ఆ నెల జీతం పడలేదని ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఆధార్, పాన్, చదువు సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు, పెట్టిన బంగారం రసీదులు ఒకేసారి తీయకుండా రోజుకొకటి చొప్పున ఆఫీసు బ్యాగులో తేవచ్చు. ఒరిజినల్ తీయడం కుదరకపోతే ఫోటో తీసి అమ్మ ఫోన్‌కి పంపి, ఇటు నుంచి డిలీట్ చేయాలి. ట్రాష్ ఫోల్డర్లో కూడా.

48 వేల శాంతి గురించి కూడా చెప్పాలి, ఇలాంటివి ఇప్పుడు చాలా నడుస్తున్నాయి. ముందు 2 వేలు, ఆ తర్వాత "దోషం లోతుగా ఉంది" అని 20 వేలు, మళ్ళీ "మధ్యలో ఆపితే భర్తకు ప్రాణగండం" అని ఇంకా. ఆన్‌లైన్ వశీకరణం ప్రకటనల్లో అయితే భార్యాభర్తల ఫోటోలు, ఇంటి విషయాలు అడిగి తీసుకుని, డబ్బు ఆపగానే అవి బయటపెడతామని బెదిరిస్తారు. భయపెట్టి అబద్ధం చెప్పి డబ్బు తీసుకుంటే మోసం, న్యాయ సంహిత 318. ఫోటోలు బయటపెడతామని బెదిరించి గుంజితే సెక్షన్ 308. యూపీఐలో పంపిన డబ్బయితే వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటకముందే చెబితేనే ఆపగలుగుతారు, కాబట్టి గంటలు లెక్క. పంపిన లావాదేవీ నంబరు, తేదీ, ఆ మనిషి వాయిస్ మెసేజ్‌లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. మీవాళ్ళు ఇంకా ఇవ్వలేదంటే ఆ డబ్బు అలాగే ఉంచండి. ఆసుపత్రికి, ఆటోకి, కోర్టు కాగితాలకి మొదటి నెలలో అంతే అవుతుంది.

ఉత్తరాభాద్ర

డబ్బు ఇవ్వలేదు, అడ్వాన్సు కూడా ఆపించాను. పుట్టిన సమయం ఆసుపత్రి కాగితంలోదే. గొంతు ఇంకా బొంగురుగా ఉందని ఇప్పుడే తెలిసింది. రేపు పొద్దున్న ఆఫీసు నుంచే వాళ్ళమ్మగారు ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తున్నారు. సంచిలో ఆధార్, పాన్ చేరాయి.

జవాబు: రక్షణ ఉత్తర్వు

మంచిది. ఓపీ చీటీ దగ్గర ఆగకుండా క్యాజువాలిటీకే వెళ్ళమనండి. అక్కడ వైద్యుడు అడగకముందే "గొంతు నులిమారు, బొంగురు తగ్గలేదు" అని చెప్పాలి, ఎంఎల్‌సీ నంబరు రాసుకుని రావాలి. అక్కడి నుంచి తిరిగి ఆ ఇంటికి వెళ్ళకుండా నేరుగా సఖి కేంద్రానికి గానీ పుట్టింటికి గానీ వెళ్ళమనండి. మిగతా కాగితాలు తర్వాత పోలీసుల తోడుతో తెచ్చుకోవచ్చు.